కూలిన మిషన్ చర్చి మిగులుతో ఊరి మ్యూజియం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పంతొమ్మిదో శతాబ్దపు మిషన్ చర్చిలు కొన్నిచోట్ల వానకు నాని కూలిపోతున్నాయి. మరికొన్నిచోట్ల సంఘం పెరిగి చోటు చాలక వాటి స్థానంలో కొత్త మందిరాలు లేస్తున్నాయి. కూలిన చర్చిలో మిగిలిన గంటను, శిలాఫలకాన్ని, నాలుగు దూలాలను, చెదలు తినగా మిగిలిన రిజిష్టరును ఒక గదిలో దాచుకోవాలని సంఘ పెద్దలు, ఉపాధ్యాయులు, యువకులు అనుకున్న ప్రతిచోటా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే, పని జరిగే దశల ప్రకారం ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

దొరలు కట్టిన చర్చి కదా, దాన్ని మనమెందుకు దాచుకోవాలి?

అధికారుల కోసం, సైనికుల కోసం ఆనాటి ప్రభుత్వం కట్టించిన చర్చిలు వేరు, పల్లెల్లో మిషన్లు కట్టించినవి వేరు. 1840లో నెల్లూరులో స్థిరపడిన శామ్యూల్ డే, 1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టులు. 1865లో నాయుడుపేటలో పని మొదలుపెట్టిన మిలియస్ జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్‌కు చెందినవారు. పాలన ఇంగ్లీషువారిది, డబ్బూ నమూనా సముద్రం దాటి వచ్చి ఉండవచ్చు. అయినా ఇటుక కాల్చిందీ, గానుగలో సున్నం నూరిందీ, దూలాన్ని భుజాన మోసిందీ ఈ ఊళ్లవారే. చలువరాతి ఫలకం మీద వారి పేర్లు ఉండవు. పాత ఇటుకను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసి ఆరబెట్టేటప్పుడు పడిన వేళ్ల నొక్కులు అంచున ఒక్కోసారి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ పనివారు వదిలిన సంతకం అదొక్కటే. అందువల్ల ఫలకాన్ని ఎంత భద్రంగా దాచుకుంటామో ఆ ఇటుకనూ అంత భద్రంగా దాచుకోవాలని మా గట్టి అభిప్రాయం.

మా దగ్గర మిగిలినవి పది పదిహేను వస్తువులే. దాన్ని మ్యూజియం అనవచ్చా?

అనవచ్చు. వస్తువుల సంఖ్య ముఖ్యం కాదు. ప్రతి వస్తువు ఎక్కడిదో, ఎప్పుడు చేతికి వచ్చిందో, ఎవరు ఇచ్చారో రాసిపెట్టిన పుస్తకం ఉంటే పది వస్తువుల గది కూడా మ్యూజియమే. ఆ పుస్తకం లేకపోతే వెయ్యి వస్తువులున్నా అది సామాన్ల గదే.

ఎవరెవరి అనుమతి తీసుకోవాలి?

ముందుగా ఆ స్థలం, భవనం ఎవరి పేరున ఉన్నాయో కాగితాల్లో చూసుకోవాలి. పాత మిషన్ ఆస్తులు స్థానిక సంఘం పేరున కాక ట్రస్టు పేరునో, పై సమాజం పేరునో ఉండే సందర్భాలు ఉన్నాయి కనుక పాస్టరు గారి నోటిమాట ఒక్కటే చాలదు. సంఘ కమిటీ తీర్మానం, యజమాని రాతపూర్వక అంగీకారం రెండూ ఫైలులో ఉండాలి. భవనం రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకూడదు. కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం, రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తాయి. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. మీ చర్చి రక్షిత జాబితాలో లేకపోయినా, పక్కనే పాత గుడో కోటో ఉంటే ఈ నిబంధన మీ మ్యూజియం గదికి అడ్డం రావచ్చు. నిర్వహణకు ఒక సొసైటీ కావాలనుకుంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు.

పాత వస్తువులు మా దగ్గర ఉన్నాయని తెలిస్తే ప్రభుత్వం పట్టుకుపోతుందా?

ఈ భయంతోనే చాలామంది వస్తువులను అటక మీద దాచి చెదల పాలు చేస్తున్నారు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన వస్తువులు, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు, దస్తావేజులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని కలిగి ఉండటం నేరం కాదు. రాతి, లోహ, కొయ్య శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి కొన్ని రకాలను నమోదు చేయించుకోవాలి. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయడం, అనుమతి లేకుండా దేశం దాటించడం మాత్రం నేరం. పునాది తవ్వుతుండగా మట్టిలో నాణేలో, విలువైన వస్తువో దొరికితే విషయం వేరు. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినప్పుడు కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలిపి, ఆ కాగితం నకలు మీద ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి.

## కూల్చే రోజుల్లో

వచ్చే వారమే పొక్లెయిన్ వస్తోంది. ఉన్న రెండు మూడు రోజుల్లో ఏం చేయాలి?

మొదట దేన్నీ తీయకండి, రాసుకోండి. అందరూ ఆత్రంగా గంట దించుతారు, ఫలకం ఊడదీస్తారు, అల్మరాలోని పుస్తకాలు గోనె సంచుల్లో వేస్తారు. ఆరు నెలల తరువాత ఆ ఫలకం ఏ గోడకు ఉండేదో, ఆ దూలం వేదిక మీదిదో వాకిలి మీదిదో ఎవరికీ గుర్తుండదు. ఉన్నచోటు నమోదు కాని రాయి, ఎంత అందంగా చెక్కినదైనా, సగం చరిత్రను పోగొట్టుకున్నట్టే. మొత్తం పనిలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, దీన్ని తరువాత సరిదిద్దుకోలేము.

మొదటి రోజు బయట నాలుగు దిక్కుల నుంచి, లోపల నాలుగు మూలల నుంచి ఫోటోలు తీయండి. తరువాత పైకప్పు, నేల, తలుపులు, కిటికీలు, గోడలోని గూళ్లు విడివిడిగా తీయండి. ప్రతి దగ్గరి ఫోటోలోనూ అడుగు స్కేలు గానీ టేపు గానీ కనిపించేలా ఉంచాలి. పెద్ద బడి పిల్లలు ఇద్దరు టేపు పట్టుకుంటే గళ్ల కాగితం మీద చర్చి నేల నమూనాను ఒక్క పూటలో గీయవచ్చు. గోడల మందం, కిటికీల వెడల్పు, వేదిక ఎత్తు కూడా అందులో రాయాలి. రెండో రోజు తీయబోయే ప్రతి వస్తువుకూ ఒక అంకె ఇచ్చి, నూలు దారంతో కట్టిన అట్టముక్క మీద పెన్సిలుతో రాసి, అదే అంకెను నమూనాలో ఆ వస్తువు ఉన్నచోట వేయండి. పెన్సిలు రాత తడికి చెదరదు, డాట్ పెన్ను రాత నిలవదు. ఆ తరువాతే చేయి వేయాలి.

పునాది రాయిని చివరివరకు కదపవద్దని, కదిపేటప్పుడు చేత్తోనే తీయాలని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. పునాది రాయి వెనుక సీసాలోనో చిన్న పెట్టెలోనో కాగితాలు, నాణేలు ఉంచే ఆచారం ఆ కాలంలో ఉండేది. అలాంటిదేమైనా కనిపిస్తే అక్కడికక్కడ తెరవకూడదు, ఎండలో పెట్టకూడదు.

అన్నీ ఉంచడానికి చోటు లేదు. ఏవి ఉంచుకోవాలి?

అక్షరం ఉన్న ప్రతి వస్తువునూ ఉంచండి. ఫలకాలు, గంట, పేరు చెక్కిన బల్ల, ముద్ర ఉన్న పెంకు, రిజిష్టర్లు, పాటల పుస్తకాలు, ఆఖరికి గోడ మీద పెన్సిలుతో రాసిన లెక్కలున్న గచ్చు ముక్క కూడా వదలకూడదు. మంగుళూరు పెంకుల వెనుక వైపు తప్పక చూడండి. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక అలాంటి ఫ్యాక్టరీలు చాలా వచ్చాయి. పెంకు మీద అచ్చువేసిన ఫ్యాక్టరీ పేరును బట్టి పైకప్పు ఏ కాలంలో వేశారో అంచనాకు రావచ్చు.

అక్షరం లేనివాటిలో కట్టడపు తీరు తెలిపే నమూనాలు చాలు. ఇటుకలు ఐదారు, రెండు ఇటుకల మధ్య సున్నం చెక్కుచెదరకుండా ఉన్న ముక్క ఒకటి, దూలం గోడలో దిగిన చోటి భాగం, బందుతో సహా తలుపు రెక్క ఒకటి, రంగు అద్దాలు మిగిలి ఉంటే అవి. పైకప్పు మద్రాసు మిద్దె అయితే చిన్న ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో కూర్చిన పొరను అడుగు మేర అయినా విడిపోకుండా తీయగలిగితే అది మీ గదిలో అన్నిటికంటే విలువైన వస్తువు అవుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదు.

ఆవరణలో దొరల సమాధులు ఉన్నాయి. ఆ రాళ్లను లోపలికి తేవచ్చా?

తేవద్దు. సమాధి రాయి అక్కడ పడుకున్న మనిషిది, దాన్ని కదిపితే ఆ మనిషి ఎక్కడున్నాడో చెప్పే గుర్తు పోతుంది. పూర్తిగా విరిగి, దొంగల పాలయ్యే ప్రమాదం ఉన్న ముక్కలను మాత్రమే, సంఘం తీర్మానంతో, అసలు చోట చిన్న గుర్తు రాయి నాటి లోపలికి తేవచ్చు. అక్షరాలు అరిగిపోతే సుద్దపొడి, పిండి రుద్దకండి. పొద్దుగూకాక టార్చిలైటును రాయికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుంటే పగలు కనిపించని అక్షరాలు నీడలతో లేచి కనిపిస్తాయి. అలా ఫోటో తీయండి. మద్రాసు రాజధానిలోని సమాధి శాసనాలను జె.జె. కాటన్ 1905లో జాబితాగా ప్రచురించాడు. అరిగిన పేరును పోల్చుకోవడానికి దాన్ని ఒకసారి చూడటం మంచిది. అయితే అది ముఖ్యంగా యూరోపియన్ల సమాధుల జాబితా. ఉపదేశకుల సమాధులు, ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పిన బైబిలు స్త్రీల సమాధులు మీరే నమోదు చేయాలి, అవి ముందుగా చేయాలి.

పాత చర్చి రాళ్లు, బల్లలు ఇప్పటికే కొందరి ఇళ్లలో ఉన్నాయి. ఎలా అడగాలి?

అడిగే తీరులోనే అంతా ఉంది. “చర్చి సొత్తు మీ ఇంట్లో ఎందుకుంది” అన్నారంటే ఆ రాయి మరుసటి రోజుకు కనిపించదు. చాలా ఇళ్లలో అవి దొంగిలించినవి కావు. కూలిన ఏడాది ఎవరో ఒకరు తీసుకెళ్లకపోతే ఈపాటికి రోడ్డు పనిలో కలిసిపోయేవి. కాబట్టి “పెద్దమ్మా, ఇన్నాళ్లు కాపాడింది మీరే, ఒక ఫోటో తీసుకోనిస్తారా” అని మొదలుపెట్టండి. ఫోటో తీసి, కొలతలు రాసుకుని, ఆ రాయి గురించి ఆమెకు తెలిసినదంతా వినండి. వస్తువు ఇవ్వడానికి మనసొప్పకపోతే ఏడాదికో రెండేళ్లకో అరువుగా అడగవచ్చు. ఇచ్చేది దానమో అరువో తేలేలా చిన్న కాగితం రాసుకుని ఇద్దరూ సంతకం చేయాలి. వివరణ పలక మీద ఆ కుటుంబం పేరు ఉంటుందని చెప్పండి, చెప్పినట్టే రాయించండి.

## శుభ్రం చేయడం, నిలపడం

గంటను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. తోమవచ్చా?

తోమకూడదు. చింతపండు పులుపు నల్లటి పొరతో పాటు లోహాన్ని కూడా పలుచగా కరిగిస్తుంది. గంట మీది పోత అక్షరాలు, సంవత్సరం అంకెలు తోమిన ప్రతిసారీ కొంచెం అరుగుతాయి. ఆ ముదురు పొర మురికి కాదు, లోపలి లోహానికి రక్షణ. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవడమే చాలు. పచ్చటి పొడి రాలుతున్నట్టు కనిపిస్తే అది మాత్రం తుప్పు సాగుతున్న గుర్తు. అప్పుడు గంటను పొడి చోటికి మార్చి నిపుణులకు చూపించాలి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది, లక్నోలో సాంస్కృతిక సంపద సంరక్షణకు జాతీయ పరిశోధనశాల ఉంది. ఫోటోలు జతచేసి ఉత్తరం రాసి సలహా అడగవచ్చు.

ఒక గోడ మిగిలింది, ఉప్పు తేలి గచ్చు రాలుతోంది. సిమెంటు పూస్తే నిలుస్తుందా?

సిమెంటు పూయడమే ఆ గోడకు చేసే పెద్ద హాని. కోస్తా ఊళ్లలో నేల తేమతో పాటు ఉప్పు కూడా గోడలోకి ఎక్కుతుంది. సున్నపు గచ్చు ఆ తేమను బయటికి వదులుతుంది, ఉప్పు గచ్చు మీదికి వచ్చి గచ్చు రాలుతుంది, ఇటుక బతుకుతుంది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. దాంతో ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది. కొన్నేళ్లు గోడ బాగున్నట్టే కనిపిస్తుంది, తరువాత సిమెంటు పొర ఊడినప్పుడు ఇటుక ముక్కలు కూడా దానికి అంటుకుని వస్తాయి.

మొదట నీటిని ఆపాలి. గోడ మొదట్లో వాననీరు నిలవకుండా వాలు చేసి కాలువ తీయాలి, గోడ నెత్తిన చిన్న చూరు కట్టాలి. తేలిన ఉప్పును పొడి కుంచెతో రాల్చి చేటలోకి ఎత్తి దూరంగా పారబోయాలి, నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గచ్చు వేయక తప్పకపోతే సున్నం, ఇసుకతోనే వేయాలి, ఆ ఇసుక ఏటిదై ఉండాలి, సముద్రపుది కాకూడదు. తీరాన గుల్ల సున్నం కాల్చే అలవాటు, గానుగలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే అలవాటు తెలిసిన వృద్ధులు మీ మండలంలో ఉంటే వారి చేతిపనిని వీడియో తీసి ఉంచడం గోడ బాగుచేయడమంత అవసరం.

ఫలకం మీద అక్షరాలు కనిపించడం లేదు. నల్ల రంగు నింపవచ్చా?

నింపవద్దు. రంగు వేసేవారికి ఇంగ్లీషు పాత అక్షరాలు, తెలుగు పాత రాత తెలియకపోతే 3 కాస్తా 8 అవుతుంది, తరువాత వచ్చేవారందరూ ఆ తప్పు సంవత్సరాన్నే నమ్ముతారు. ఫలకాన్ని ఉన్నట్టే ఉంచి, పక్కన చదివిన పాఠాన్ని పెద్ద అక్షరాలతో రాయించండి. చలువరాతికి ఆమ్లం, నిమ్మకాయ, సబ్బుపొడి ఏవీ తగలకూడదు.

సంఘ రిజిష్టరు పేజీలు పొడి పొడిగా రాలుతున్నాయి. లామినేషన్ చేయించమంటారా?

వద్దు. వేడితో ప్లాస్టిక్ అంటించాక దాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం, లోపల కాగితం పాడవుతూనే ఉంటుంది. సెల్లోటేపు కూడా అంతే, పసుపు మరక మిగిల్చి ఊడిపోతుంది. ముందుగా పుస్తకాన్ని సగం మాత్రమే తెరిచి, కింద దిండు ఆనించి, కిటికీ వెలుతురులో పేజీ పేజీకీ ఫోటో తీయండి. జిరాక్స్ యంత్రం మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది. గోధుమ రంగుకు తిరిగిన పాత ఇనుపసిరా తడిని ఓర్చుకోదు కనుక చేతులు కడిగి బాగా ఆరాకే ముట్టుకోవాలి. తరువాత ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, గోడకు ఆనించని ఇనుప అల్మరాలో, కింది అర కాకుండా మధ్య అరలో ఉంచండి. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకూడదు. నెలకోసారి తెరిచి చూడటం వాటన్నిటికంటే మంచి మందు.

దూలాలకు చెదలు పట్టకుండా ఏం చేయాలి?

నేల మీద, గోడకు ఆనించి ఉంచకండి. ఇనుప కాళ్ల మీద, గోడకు జానెడు దూరంగా ఉంచితే చెదల మట్టి దారి కంటబడుతుంది. వార్నిష్, వాడిన ఇంజను ఆయిల్ పూయవద్దు.

## చూపడం, చెప్పడం

ఈ చర్చి ఏ మిషన్ కట్టిందో కాగితాలు లేవు. వస్తువులను బట్టి తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. మనిషి నిలబడి మునిగేటంత తొట్టి వేదిక కిందో ముందో ఉంటే అది బాప్టిస్టులది కావచ్చు, వారు పెద్దవారికి ముంచి బాప్తిస్మం ఇస్తారు. దగ్గరలో ఏరో చెరువో ఉన్న పల్లెల్లో తొట్టి కట్టేవారు కాదు, కాబట్టి తొట్టి లేనంత మాత్రాన బాప్టిస్టులది కాదనుకోకూడదు. కాలు మీద నిలబెట్టిన చిన్న రాతి తొట్టి, బలిపీఠం ఉంటే నెల్లూరు ప్రాంతపు దక్షిణాన లూథరన్లను తలచుకోవాలి. సాధువుల ప్రతిమలు పెట్టే గూళ్లు, బలిపీఠపు రాయి ఉంటే కతోలిక దేవాలయం. ఒక్క గుర్తును నమ్మకండి, రెండు మూడు కలిసినప్పుడే రాయండి.

1878లో ఒకేరోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారంటారు. అది మా పలక మీద రాయవచ్చా?

మీ చర్చి ఒంగోలు మిషన్ పరిధిలోనిదైతే రాయవచ్చు, కానీ దాని వెనుక కథ కూడా రాయాలి. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పట్టి పీడించిన ధాత కరవులో పల్లెలు ఖాళీ అయ్యాయి. కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగుతున్నప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇచ్చి పని చేయించాడు. పలుగు పట్టినవారి మధ్య బోధకులూ ఉన్నారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయ పనులు ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంకె ఒక్కటే రాస్తే అదొక వింతగా మిగులుతుంది. కరవు, కాలువ, కూలి, ఎదురుచూపు పక్కన ఉంటేనే చూసేవారికి ఆ మనుషులు కనిపిస్తారు.

కులం ప్రస్తావన పెట్టాలా, వదిలేయాలా?

పెట్టాలి, మర్యాదగా పెట్టాలి. ఒంగోలు ప్రాంతపు సంఘాలను నిలబెట్టింది ప్రధానంగా మాదిగలు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య క్లౌ కంటే ముందే ఊరూరా తిరిగి బోధించాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది. దొర ఫోటో నిలువెత్తున పెట్టి ఆ బోధకుల పేర్లను కింద చిన్న అక్షరాల్లో వేయడం చరిత్రకు అన్యాయం. అయితే రిజిష్టరులో ఆనాటి గుమాస్తా రాసిన కుల నామాలను, వ్యాఖ్యలను ఈనాటి కుటుంబాల పేర్లతో జోడించి గోడకు అతికించకూడదు.

## నడపడం

టికెట్టు పెట్టాలా?

పల్లెలో వద్దు. హుండీ చాలు, దాని లెక్క నెలనెలా గోడ మీద పెట్టండి.

తుపాను హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

1927 నవంబరు నాటి నెల్లూరు తుపాను మొదలుకొని 2023 డిసెంబరు నాటి మిగ్‌జాం వరకు ఈ తీరం చూసినవి తక్కువ కాదు, కాబట్టి ఆ రోజు ఏం చేయాలో ముందే రాసి తలుపు వెనుక అంటించాలి. కాగితాలు మొదట, వస్త్రాలు, ఫోటోలు తరువాత, కొయ్య ఆ తరువాత పై అంతస్తుకో పక్కా భవనానికో చేరాలి. గంట, రాళ్లు ఉన్నచోటే ఉండవచ్చు. పెట్టెలన్నీ ఇద్దరు మోయగల బరువుకు మించకూడదు. కాగితం తడిస్తే ఎండలో వేయకండి, పేజీలు విడదీయకండి. ఫ్యాను గాలిలో, కింద పొడి తువ్వాళ్లు మారుస్తూ ఆరబెట్టండి.

మా తాతగారి బాప్తిస్మం ఇక్కడే జరిగిందట. రిజిష్టరు చూపించమని అడిగితే చూపించాలా?

చూపించాలి, కానీ అసలు పుస్తకం కాదు, ఫోటో తీసిన పేజీ. వచ్చినవారి దగ్గర ఇంటిపేరు, ఊరు, రమారమి సంవత్సరం తీసుకుని మీరే వెతికి, ఆ ఒక్క నమోదును రాసివ్వండి. బతికి ఉన్నవారి వివరాలున్న ఇటీవలి పేజీలను వారి ఇష్టం లేకుండా బయటపెట్టకూడదు. మీ పుస్తకంలో దొరకకపోతే అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాగితాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయని, మద్రాసు రాజధానిలోని యూరోపియన్ల బాప్తిస్మ, వివాహ, సమాధి నమోదులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయని చెప్పండి. పల్లె సంఘాల పేర్లు మాత్రం చాలావరకు ఊళ్లోనే వెతకాలి. పాత కుటుంబ బైబిళ్ల మొదటి పేజీలు, పెళ్లి ధ్రువపత్రాలు, బడి రికార్డులు చూడమనండి. వారికి ఏదైనా దొరికితే దాని ఫోటో ఒకటి మీకూ ఇమ్మని అడిగి, వచ్చిన తేదీతో పుస్తకంలో నమోదు చేయండి.